గుడియాత్తం లుంగీ పేరు నా పేరున ఉన్న నాలుగు నెలలు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి తల నెరిసి ఉండాలంటే నాకు అర్హత లేదు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ నేను చేసిన ఉద్యోగం మా ఊళ్ళో పుట్టడమూ పోవడమూ రెండూ నా కళ్ళముందే జరిగాయి. అలాంటి పని ఒకటి ఉండేదని చెబితే ఇప్పుడు కాలేజీ ముగించి వస్తున్న చెల్లెళ్ళు నమ్మడం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను పేర్లు అమ్మేదాన్ని. ఇంటర్నెట్టులో దుకాణం తెరవాలంటే ఒక పేరు కావాలి కదా, చివర డాట్ కామ్ అని వస్తుందే, ఆ పేర్లు. ఒక పేరును ప్రపంచం మొత్తంలో ఒక్కరే తీసుకోగలరు. ముందు అడిగినవాళ్ళది. అప్పట్లో రెండేళ్ళకు మూడు వేల చిల్లర అయ్యేది. ఒకరికి రేపు అవసరమయ్యే పేరును మనం ఈరోజే తీసి పెట్టుకుని, వాళ్ళకు అవసరం తెలిసొచ్చిన రోజున నాలుగింతలకో పదింతలకో ఇవ్వడం మా వ్యాపారం. సినిమా టికెట్లు ముందే కొని గేటు దగ్గర అమ్మేవాడిని పోలీసులు తరుముతారు. మేం మాత్రం సిస్టమ్స్ అని బోర్డు పెట్టుకుని కూర్చున్నాం.

మా షాపు వేలూరులో, పెద్దాసుపత్రికి దగ్గర సందులో, మేడ మీద. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫోను లైను. కలకత్తా వైపు నుంచి వైద్యానికి వచ్చినవాళ్ళ బంధువులు ఇళ్ళకు ఈమెయిలు ఉత్తరాలు కొట్టుకోవడానికి వచ్చేవారు. గంటకు అరవై రూపాయలు. ఒక మూల గాజుగదిలో డి.టి.పి. అక్క పెళ్ళిపత్రికలూ రసీదు పుస్తకాలూ కొట్టేది. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. ఆదివారం చర్చిలో తమిళంలో పాడి, మాతో తెలుగులో తిట్టేది. ఓనరును నేను అన్నా అనేదాన్ని. వాళ్ళ నాయన పెద్ద బిల్డింగు కంట్రాక్టరు. మా నాయన ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేశాడు. నేను బి.కాం. ముగించి, ఇంటర్వ్యూ అంటేనే భయపడి మూడు చోట్ల గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేసిన దాన్ని. ఇక్కడ ఇంటర్వ్యూ లేదు. నాయన కూతురినని చేర్చుకున్నారు.

ఈ వైపు కట్టడం పనుల్లో ఉన్న మా తెలుగు వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. కొత్త ఇంటికి మొదటి ఇటుక ఎవరి చేత పెట్టించాలన్నది ఇంజనీరు గీసిన ప్లాను కంటే పెద్ద విషయం. కైరాశి, అంటే హస్తవాసి, ఉన్న చెయ్యి కావాలి. నా ఆరో ఏట కంట్రాక్టరు గారి ఇంటి పనిలో నా చేత ఇటుక పెట్టించారట. ఆ ఇల్లు ఒక్క అడ్డంకి లేకుండా వానలకు ముందే పైకప్పు పడిందట. అప్పటి నుంచి ఆ కుటుంబానికి నా చెయ్యి అంటే గురి. పేపర్లో ఎవరో ఒక పేరును కోట్లకు అమ్మారని చదివి అన్న ఈ వ్యాపారంలోకి దిగినప్పుడు, మొదటి పేరు కొట్టడానికి నన్నే కూర్చోబెట్టాడు. మద్రాసులో ఉన్న వాళ్ళ బావ క్రెడిట్ కార్డు నంబరు ఒక చీటీ మీద ఉంది. నేను ఒక్కొక్క గడీ నింపుతూ వచ్చి ఆగిపోయాను.

"ఓనరు పేరు అడుగుతాంది అన్నా."

"నీ పేరే కొట్టు."

"నా పేరా?"

"ఇటుక పెట్టింది ఎవురి చెయ్యి? నీ చెయ్యి గదా. ఇదీ అంతే. కొట్టు కొట్టు, లైను కట్టయిపోతాది."

"అడ్రసు?"

"మీ ఇంటిదే వెయ్యి. మనం షాపు మారుస్తాండాం గదా, మీ ఇల్లు యాడికీ పోదు."

నేను కొట్టాను. గాజుగదిలోంచి అక్క తల బయటపెట్టింది. "ఏమే, రేషన్ కార్డులో నీ పేరు ఎక్కించేదానికి మీ నాయన తాలూకాఫీసుకు మూడు తూర్లు తిరిగినాడు. అమెరికావోడు మూడు నిమిషాల్లో ఎక్కించేసినాడే!"

అందరం నవ్వాం. ఆ సాయంత్రం డైరీలో, 'ఈరోజు నా పేరున ఒక ఆస్తి వచ్చింది' అని రాసుకున్నాను. మా ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదవడం నాకొక్కదానికే వచ్చు. కాబట్టి డైరీని బీరువాలో దాచవలసిన పని ఉండేది కాదు. టీవీ మీదే పడి ఉండేది. ఆరు నెలల్లో అలాంటి ఆస్తులు పంతొమ్మిది అయ్యాయి. అన్నీ నా పేరునే.

ధర కట్టడం నా పని. ఇది కొంచెం చెప్పాలి. అన్న ఒక కంపెనీ ముందు నిలబడితే గేటు ఎత్తు, కారు రకం, బోర్డు మీద ఎన్ని ఫోను నంబర్లు ఉన్నాయి, ఇవి చూసేవాడు. కంట్రాక్టరు కొడుకు కదా, గోడను చూస్తే లోపలి డబ్బు తెలుస్తుందనేవాడు. నేను చూసేది వేరే. ఈ పేరు ఇంకొకరి చేతిలో పడిందని తెలిస్తే ఈ మనిషికి ఎంత భయం వేస్తుంది? తోళ్ళు ఎగుమతి చేసేవాడికి ఒక రకం భయం, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీవాడికి ఒక రకం. చిన్నప్పటి నుంచి ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని, తలుపు కొడితే లోపలి గదిలోకి పోయేదాన్ని. భయాన్ని కొలవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అంకె నోటితో చెప్పాలంటే మాత్రం నా వల్ల అయ్యేది కాదు. పెన్సిలుతో అట్టముక్క వెనక రాసి అన్న ముందుకు తోసేదాన్ని.

రాణిపేట తోళ్ళ కంపెనీకి నేను ఇరవై ఐదు వేలు రాశాను. ఆ యజమాని బేరం కూడా ఆడకుండా చెక్కు రాసిచ్చాడు. అన్న అందరికీ బిర్యానీ తెప్పించి, "పాప చెయ్యి పడితే సాలు!" అన్నాడు. నేను ఇంటికి వెళ్ళి, బేరం ఆడలేదంటే తక్కువ కొలిచానన్నమాట అని బాధపడ్డాను. సిగ్గుపడవలసింది అందుకు కాదని అప్పుడు తోచలేదు.

పంతొమ్మిదో పేరు, మాకు దగ్గరి మగ్గాల ఊరు గుడియాత్తంలో నేసే లుంగీలది. ఆ పేరు ఇక్కడ రాయను. మా నాయన పనికీ ఇంటికీ కట్టుకునే లుంగీ అంచు మీద బంగారు రంగు కాగితం చీటీ అతికించి ఉండేది. ఒక సాయంత్రం ఆ చీటీ గీకి తీస్తుంటే, ఈ పేరు ఎవరైనా తీసుకున్నారా అని అనుమానం వచ్చింది. మర్నాడు చూస్తే లేదు. ఆ సరుకు మలేసియాకూ సింగపూరుకూ పోతుందని తెలుసు. అట్టముక్క మీద నలభై వేలు రాశాను.

యజమానికి ఇంగ్లీషులో ఉత్తరం నేనే రాశాను. నేను నవలలు దొంగచాటుగా చదివి సంపాదించుకున్న ఇంగ్లీషు అంతా అందులో పెట్టాను. మీ విలువైన పేరు మా వద్ద భద్రంగా ఉంది అన్నాను. చివర, 'ఈ పేరు మీద ఇతరులు కూడా ఆసక్తి చూపుతున్నారు' అని చేర్చాను. ఇతరులు ఎవరూ లేరు. ఒక్క వాక్యం, చూడ్డానికి మర్యాదగా ఉంది, అవతలివాడికి గుచ్చుకుంటుంది అని ఊరుకున్నాను. కింద సంతకం నాదే, పేరు నా పేరున ఉంది కాబట్టి.

మూడు వారాలకు ఆయనే వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్లచొక్కా, మెడలో తువాలు. మెట్లెక్కి ఆయాసపడుతూ నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. అన్న ఎక్కడికో వెళ్ళాడు. ఆయన ముందు తమిళంలో మొదలుపెట్టి, నేను అక్కతో తెలుగులో ఏదో అనడం విని తానూ తెలుగులోకి దిగాడు.

"నా పేరు నీ దగ్గర ఉండాదని రాసినావు. యాడ పెట్టినావు? చూపించు."

తెర మీద చూపించాను. తెల్లటి పేజీ, నిర్మాణంలో ఉందని ఒక ముక్క.

"ఇది యాడ ఉండాది?"

"అమెరికాలో ఉంది సార్."

"నీ కాడ లేదు. ఈ పెట్టెలో లేదు. అమెరికాలో ఉండాది. మళ్ళీ నీదెట్ల అయింది?"

"మేం ముందు తీసుకున్నాం సార్."

"అట్లనా? మా ఇంటి ముందర వాకిలి ఉండాది. నేను గుడికి పోయుండేటప్పుడు నువ్వొచ్చి చాప పరుచుకుని పండుకుంటే అది నీదా అమ్మా?"

గాజుగదిలో అక్క నవ్వు ఆపుకోలేక దగ్గింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆయన కోపంగా లేడు, అదే నాకు ఇంకా ఇబ్బందిగా ఉంది. "సరి, ఎంత?" అన్నాడు. నేను అట్టముక్క కోసం సొరుగు వెతుకుతుండగా అన్న వచ్చేశాడు. కింద ఆగి ఉన్న కారు చూసే వచ్చాడు. నేను రాసిన నలభై వైపు చూడను కూడా చూడలేదు.

"లక్షన్నర సార్."

పెద్దాయన తువాలు సర్దుకుని లేచాడు. నన్ను ఒకసారి చూశాడు. "వస్తానమ్మా" అని నాకే చెప్పి వెళ్ళిపోయాడు.

"ఎందుకన్నా అంత?" అన్నాను.

"పిచ్చిదానా, ఉత్తరానికి ఉత్తరం రాయలేదు. ఫోను చెయ్యలేదు. గుడియాత్తం నుంచి మనిషే వచ్చినాడు. అంటే ఎంత బయపడినాడో నువ్వే లెక్కెయ్యి."

నాలుగు రోజుల తర్వాత గుడియాత్తం నుంచే ఇంకొక ఫోను. పెద్దాయన తమ్ముడు. అన్నదమ్ములు రెండేళ్ళ కింద వేరుపడ్డారట. మగ్గాలు పంచుకున్నారు, ఇళ్ళు పంచుకున్నారు, మార్కు మాత్రం పంచడం కుదరక ఇద్దరూ వాడుకునేలా పెద్దమనుషులు తీర్పు చెప్పారట. పెద్దాయన కంటే ముందు తనకిస్తే లక్ష ఇస్తానన్నాడు. అన్న ఫోను పెట్టేసి గాల్లో ఒక చిటిక వేశాడు. నేను లేరని తెలిసీ రాసిన ఆ 'ఇతరులు' నిజంగా వచ్చేశారు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఒక కుటుంబం రెండేళ్ళుగా పంచుకోలేక వదిలేసిన దాన్ని నేను మధ్యలో పెట్టి వేలం వేస్తున్నాను. భయాన్నయితే కొలిచాను. దాని అడుగున ఏముందో చూడలేదు.

తర్వాత నెల రోజులు అన్న ఇద్దరినీ ఊరించాడు. ఈయనకు ఆయన ఇంత అంటున్నాడని, ఆయనకు ఈయన ఇంత అంటున్నాడని. ఫోను మోగినప్పుడల్లా నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయేవి.

ఒకరోజు సాయంత్రం ఇంటికి వెళితే నాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. స్నానం చేయలేదు, సిమెంటు దుమ్ము అలాగే ఉంది. చేతిలో రిజిస్టర్డ్ పోస్టు కవరు.

"నీ పేరున వచ్చింది పాపా. మధ్యాన్నం అన్నానికి వచ్చినప్పుడు నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. ఏమో ఉద్యోగం కాగితమనుకుని సైటు కాడికి తీసుకపోయినాను. ఇంజనీరు చదివినాడు. అందరి ముందర."

గుడియాత్తం అడ్వకేటు నోటీసు. నా పేరు, మా నాయన పేరు, డోరు నంబరుతో సహా. మోసపూరితంగా, దురుద్దేశంతో, నా కక్షిదారు పేరును కాజేసి. పదిహేను రోజుల్లో అప్పగించకపోతే ఐదు లక్షల నష్టపరిహారానికి సివిలు కేసు, దానితో పాటు క్రిమినలు కేసు. నేను నిలబడే చదివాను. రెండో పేజీకి వచ్చేసరికి అక్షరాలు కదిలాయి.

"ఏం చేసినావమ్మా?"

"ఒక పేరు తీసుకున్నాను నాయనా."

"ఎవురి పేరు?"

"లుంగీ పేరు."

ఆయన కిందికి వంగి తాను కట్టుకున్న లుంగీ చూసుకున్నాడు. "ఈ లుంగీదా?" అన్నాడు. ఇంకే రోజైనా అయితే నవ్వేదాన్ని. పొద్దున నుంచి పనిచేసిన మనిషి, ఇరవై మంది కూలీల ముందు తన కూతురి పేరు పక్కన మోసం అన్న మాట విని వచ్చి కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. "జైలుకు పోవల్సి వస్తాదా?" అని మాత్రం అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు.

మర్నాడు నోటీసు అన్న ముందు పెట్టాను. చదివి, "ఎవురికి వచ్చింది?" అన్నాడు.

"నాకు."

"మళ్ళీ? నాకు రాలేదు గదా." నా ముఖం చూసి వెంటనే నవ్వాడు. "ఏయ్, ఊరికే అన్నాను! ఇట్లాంటివి మా నాయనకు నెలకు రెండొస్తాండె. సిమెంటు మూటల కింద తోసేస్తాండె. పదిహైదు రోజులు గమ్మునుండు. కేసు వేసేదానికి ముందర దిగి వస్తాడు. రెండు లక్షలకు ముగిస్తాను. నీకు పదివేలు."

"కేసు వేస్తే అన్నా?"

"వేస్తే చూద్దాం. పేరు నీదే అయినా నేను లేనా?"

ఆ 'పేరు నీదే అయినా' అన్న మాట నా లోపల ఇరుక్కుపోయింది. అతను చెడ్డవాడు కాదు. మా అమ్మకు ఆపరేషను అయినప్పుడు కారు పంపినవాడు. కానీ పదిహేను రోజులూ పోస్టుమాను బెల్లు వినవలసిన ఇల్లు అతనిది కాదు. నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదో రోజు నాయన పనికి వెళ్ళలేదు. ఇంజనీరు ముఖం చూడలేనన్నాడు. ఏడో రోజు అమ్మ నా డిగ్రీ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది, పోలీసులు పట్టుకుపోతారేమోనని. తొమ్మిదో రోజు అక్క నన్ను గాజుగదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఏమే, బక్కచిక్కిపోయినావు. ఒకటి అడుగుతాను. కేసు నీ మీద ఎందుకు వచ్చింది?"

"నా పేరున ఉంది గనక."

"మళ్ళీ ఇచ్చేదానికి ఎవురి సంతకం కావల్ల?"

నేను ఆమెను చూశాను. నాకు తెలియనిది కాదు. పేరు ఒకరి నుంచి ఒకరికి మార్చాలంటే ఉన్నవాళ్ళు ఒక కాగితం మీద నోటరీ ముందు సంతకం పెట్టి అమెరికాకు ఫ్యాక్సు పంపాలి. ఆ కాగితం నమూనా రాణిపేట బేరానికి నేనే దింపాను. కానీ అది నా ఇష్టం మీద చేయగల పని అని తోచలేదు. ఇన్నాళ్ళూ ఆ పేర్ల ముందు నా పేరు ఉండడమంటే ఇంటి పునాదిలో నేను పెట్టిన ఇటుక ఉండడం లాంటిదే అనుకున్నాను. ఇటుక పెట్టినంత మాత్రాన ఎవరూ ఇల్లు అమ్ముకోలేరు కదా.

"అన్న డబ్బు కట్టినాడు అక్కా."

"కట్టినంత ఆయనకిచ్చెయ్యి. లాభం కోసరం నువ్వు కోర్టు మెట్లు ఎక్కల్నా?"

ఆమె ఆ కాగితాన్ని రెండు కాపీలు తీసి, పెళ్ళిపత్రిక కవర్లో పెట్టి ఇచ్చింది.

పదకొండో రోజు నాయనా నేనూ గుడియాత్తం బస్సెక్కాం. అన్నతో జ్వరమని చెప్పాను. నేను అబద్ధం చెప్పి సెలవు పెట్టింది ఆ ఒక్కసారే. పళ్ళికొండ దాటి గుడియాత్తంలో దిగాం. వీధుల్లో అరుగుల మీద ఆడవాళ్ళు అగ్గిపెట్టెలు అతికిస్తున్నారు. ఏ సందులోకి తిరిగినా మగ్గాల చప్పుడు. నేను ఈ ఊరికి ధర కట్టాను, ఒక్కసారి కూడా చూడకుండా.

పెద్దాయన షాపులోనే ఉన్నాడు. నాయన చెప్పులు వాకిట్లో విడిచి, తల మీది తువాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రాండి రాండి, కూర్చోండి. ఎవురు, నాయనా?" అని ఆయన మా నాయన లుంగీ వైపు చూసి, "మన సరుకే గదా!" అన్నాడు.

"మీదే సామీ. ఇరవై ఏండ్లుగా."

"రంగు పోతాదా?"

"రంగు పోతాది గానీ గుడ్డ పోదు సామీ."

ఇద్దరూ లుంగీల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. నేను పెళ్ళిపత్రిక కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరకు ఆయన నా వైపు తిరిగాడు. "ఎంత?"

నాయన నన్ను చూశాడు. సొరుగు లేదు, అట్టముక్క లేదు.

"మూడు వేల రెండొందలు" అన్నాను. "అంతే అయ్యింది మాకు. అది ఓనరుకు ఇచ్చేస్తాను."

ఆయన కాసేపు కాగితాలు తిరగేశాడు. నేను ఆశ్చర్యమో కృతజ్ఞతో ఎదురుచూశాననుకుంటాను. ఆయన వ్యాపారస్తుడు. "మూడు వేలు చేసుకో" అన్నాడు.

చేసుకున్నాను. ఆ రెండొందలు నా జీతంలోంచి వేశాను.

పక్క వీధిలో నోటరీ. రెండు కాగితాలు, నాలుగు సంతకాలు. టెలిఫోను బూత్‌లో అమెరికాకు ఫ్యాక్సు పోతున్నంతసేపూ ఆ యంత్రం కీచుమంది. పోయిందని చీటీ బయటికి రాగానే నాయన పైకి చూసి దండం పెట్టాడు. పెద్దాయన మాకు కాఫీ తెప్పించాడు. మనిషి బాగా సంతోషంగా ఉన్నాడు. సంతోషంలో నోరు జారాడో, కావాలనే చెప్పాడో ఇప్పటికీ తెలియదు.

"కేసు గీసు యాడిదమ్మా? ఆ అడ్వకేటు మా చెల్లెలి కొడుకు. టైపు కూలి, పోస్టు ఖర్చు, అంతే అయ్యింది నాకు. మీ వోడు లక్షన్నర అడిగినాడే!"

"మా ఇంటి అడ్రసు..."

"అదే, పేరు ఎవురిదని అడిగితే అడ్రసుతో కంప్యూటర్లోనే వస్తాది గదా. మా అల్లుడు చూపించినాడు." కాఫీ చల్లార్చుకుంటూ అన్నాడు: "నీ లెటరు చదివించుకున్నప్పుడే అనుకున్నాను. రాసినోళ్ళు బాగా బయపడే మనిషి. బయమంటే తెలిసినోళ్ళకే తెలుస్తాది, ఎదుటోళ్ళను యాడ నొక్కల్లో. షాపుకు పంపించింటే మీ ఓనరు చించేసిండును. అందుకే ఇంటికి పంపించినాను."

మా నాయన తలూపాడు, గొప్ప మాట విన్నట్టు. ఆయనకు రెండు లుంగీలు కాగితంలో చుట్టి ఇచ్చారు. బస్సులో నాయన ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాడు. నేను కిటికీ పట్టుకుని కూర్చున్నాను. మంచి పని చేశానని రాసుకోవడానికి పొద్దున్నే డైరీలో ఒక పేజీ వదిలి వచ్చాను. ఇప్పుడు అక్కడ ఏం రాయాలి? ఏడాదిగా నేను మనుషుల భయాన్ని కొలిచి అట్టముక్క మీద రాస్తున్నాను. ఆ పెద్దాయన నా భయాన్ని కొలిచాడు, నాకంటే సరిగ్గా.

అన్నకు మర్నాడు మూడు వేల రెండొందలు ఇచ్చి జరిగింది చెప్పాను. "నేను నిన్ను చెల్లెలనుకున్నాను" అన్నాడు. చేతిలో మిగిలిన పేర్లన్నీ వారం లోపల అతని పేరున మార్చేశాను, ఒక్కొక్క సంతకమూ పెట్టి. నెలాఖరు దాకా ఉండి మానుకోమన్నాడు.

ఆ నెల ఆఖరి శనివారం ఒక సన్నటి మనిషి మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి. "లెటర్లు రాసే పాప నువ్వేనా?" అన్నాడు. గొంతు ఫోనులో విన్నదే. పెద్దాయన తమ్ముడు.

"మా అన్నకు ఇచ్చేసినావంట."

"ఇచ్చేశాను సార్."

"ఎంతకు?"

చెప్పాను. ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

"మొన్న మలేసియా నుంచి ఫోను చేసినాడు, పదేండ్లుగా నా కాడ సరుకు తీసుకునేవోడు. పేరు కొడితే మీ అన్న ఫోటో వస్తాంది, నువ్వెవురప్పా అంటాడు. నేనెవురని చెప్పేది?"

ఆయన సంచిని ఒళ్ళో సర్దుకున్నాడు.

"మా అన్న నీకు నోటీసు పంపించినాడంట."

"అవును సార్."

"ఒకటి చెప్పమ్మా. నేను ముందర పంపించింటే నాకిచ్చిందువా?"

అక్క టైపు చేయడం ఆపింది. చెప్పడానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. పెద్దాయన స్వయంగా వచ్చాడు, అన్నదమ్ముల్లో పెద్దవాడు, ఉత్తరం రాసింది ఆయనకే. అవన్నీ మూడు వారాలుగా డైరీలో రాసి రాసి కొట్టేసినవే.

"ఇచ్చేదాన్ని" అన్నాను.

ఆయన తలూపాడు, మార్కెట్లో నూలు ధర అడిగి తెలుసుకున్నట్టు. కోపం లేదు. "ఆ నోటీసు కాగితం ఉండాదా నీ దగ్గర?" అన్నాడు.

నా సంచిలోనే ఉంది. అప్పటికింకా దాన్ని ఇంట్లో పెట్టడానికి ధైర్యం చాలలేదు. తీసి ఇచ్చాను. ఆయన చూపుడు వేలు పెట్టి రెండు పేజీలూ కూడబలుక్కుంటూ చదివాడు. మోసపూరితంగా అన్న చోట ఆగాడు. ఐదు లక్షలు అన్న చోట ఆగాడు.

"బాగా రాసినాడు" అన్నాడు. "దీంట్లో నీ పేరుండే కాడ మా అన్న పేరు వేస్తే సాలు. వాళ్ళింట్లో మా వదిన గుండెజబ్బు మనిషి. ఆమె చేతికే పోయేటట్ల పంపించల్ల."

నేను కాగితం వెనక్కి తీసుకోవాలని చెయ్యి చాపాను. ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో పదకొండు రోజులూ మా నాయన మెట్టు మీద కూర్చున్న చూపే ఉంది. ఈయన ఇంట్లో మగ్గాలు ఆగితే ఆ మెట్టు మీద ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అమ్మా, జెరాక్సు ఎంత?" అని ఆయన అక్కను అడిగాడు.

"పేజీకి రూపాయి" అంది అక్క, నా వైపు చూస్తూ.

నేను వద్దనలేదు. అక్క సొరుగులోంచి వైట్‌నర్ సీసా తీసి, కుంచెతో నా పేరు మీద ఒక్క గీత గీసింది. తర్వాత మా నాయన పేరు మీద, డోరు నంబరు మీద. తెల్లగా, తడిగా మెరిసింది. "ఆరనీ, లేకుంటే అద్దానికి అంటుకుంటాది" అని కాగితం నా ముందుకు తోసి తన పనిలో పడింది.

ఆయన ఎదురు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను తల వంచి, అది ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.